నాన్న సోఫాలోంచి లేవని గేమ్‌లు

మా కంప్యూటర్ హాల్లోకి వచ్చి ఏడాది దాటింది. అంతకుముందు చిన్న బెడ్‌రూంలో ఉండేది. పాప ఐదో తరగతికి రాగానే ఆ గది తనకి కావాలంది, అమ్మానాన్న కూడా ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చి బోడుప్పల్‌కి మా దగ్గరికి వచ్చేశారు, ఇక డబ్బాకీ మానిటర్‌కీ చోటెక్కడ? టీవీ కింద పెట్టి హెచ్‌డీఎంఐ వైరు తగిలించాను. సికింద్రాబాద్ సీటీసీలో ఎండలో షాపు షాపూ తిరిగి, గ్రాఫిక్స్ కార్డు ఒకచోట, ర్యామ్ ఒకచోట బేరమాడి కట్టించుకున్న మెషీన్ అది. ఇప్పుడు దాని పక్కన పాప స్టిక్కర్లు, పైన అమ్మ పెట్టిన చిన్న వినాయకుడు.

దాంతో గేమ్ ఆడుకోవడం నా సొంత వ్యవహారం కాకుండా పోయింది. రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మ సీరియల్ అయిపోగానే టీవీ నాకొస్తుంది, సోఫా మాత్రం రాదు. అక్కడ నాన్న ఉంటాడు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరై ఎనిమిదేళ్లు, చివర్లో చాలా కాలం ఇమ్లీబన్ బస్టాండ్ నుంచి శ్రీశైలం రూట్. తెర మీద ఏది కదిలినా ఆయన ఊరికే కూర్చుని చూడలేడు, ఏదో ఒకటి అంటూనే ఉండాలి. మొదట్లో తల పట్టుకున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూడా చూశాను, భుజం తట్టి మరీ చెప్పేవాడు. రెండు మూడు నెలలు గడిచాక ఒకటి అర్థమైంది. ఏ గేమ్ పెడితే ఈయన పదింటికే లేచి పడుకోడానికి పోతాడో, ఏది పెడితే పదకొండున్నర దాకా కదలడో చూసుకుంటే చాలు, నేను రివ్యూలు చదవక్కర్లేదు. అన్నిసార్లూ ఆయనతో ఒప్పుకోను, కానీ ఆయన లేచి వెళ్లిన చోట ఏదో ఒక లోపం మాత్రం ఉండి తీరింది.

ముందు సిల్క్‌సాంగ్, హాలో నైట్ అనే గేమ్‌కి తరవాతి భాగం. హాలో నైట్ అంటే నాకు ప్రాణం. 2019లో దీన్ని ప్రకటించినప్పుడు పాప ఎల్‌కేజీ. చేతికొచ్చేసరికి 2025 సెప్టెంబర్ 4, పాప ఆరో క్లాసు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో గట్టిగా ముగ్గురు మనుషులున్న టీమ్ చెర్రీ, అన్నేళ్లు చెక్కి, తీరా అమ్మింది 20 డాలర్లకి. మనకి రాత్రి ఏడున్నరకి విడుదల. అవి గణేశ్ నవరాత్రులు, నిమజ్జనానికి ఇంకా రెండు రోజులుంది, కింద గల్లీలో మండపం మైకు మోగుతోంది, పైన నేను కొనే పేజీ తెరుచుకోక ఒకటే రీఫ్రెష్ కొడుతున్నాను. ప్రపంచమంతా అదే నిమిషంలో మీద పడితే ఏ పేజీ మాత్రం తెరుచుకుంటుంది? మొత్తానికి తొమ్మిదింటికి దొరికింది.

ఆ బొమ్మలు, ఆ సంగీతం, మనం ఆడించే హార్నెట్ గాల్లో ఎగిరి ఏటవాలుగా కిందికి దూకే తీరు, వీటిలో వేలు పెట్టడానికి లేదు. కానీ ప్రాణాలు ఐదు ఇచ్చి, కనిపించిన ప్రతి రెండో పురుగూ ఒక్క దెబ్బకి రెండు తీసేస్తే అవి ఐదెలా అవుతాయి? రెండున్నర అనుకోవాలి. సరే, కష్టం ఇష్టపడే కదా కొన్నది, దానికి గొడవ లేదు. నా గొడవల్లా చచ్చాక మళ్లీ నడవడం గురించి. లాస్ట్ జడ్జ్ అనే బాస్ ఉంది, అంటే దారికి అడ్డం నిలబడే పెద్ద శత్రువు, మండే ధూపపాత్ర ఊపుకుంటూ వస్తుంది. దాని చేతిలో చచ్చిన ప్రతిసారీ బెంచీ దగ్గర లేచి, గాలి కొట్టే ఆ కొండ దారంతా గెంతుకుంటూ ఎగురుకుంటూ మళ్లీ అక్కడికి చేరాలి. పోరాటం ఒక నిమిషం, ప్రయాణం ఒక నిమిషం. నాన్న ఓపిగ్గా లెక్కపెట్టాడు. ఇరవయ్యోసారి అన్నాడు, "శ్రీశైలం కూడా రోజుకు ఒక్కపారే తోలినం బిడ్డా." లేచి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక ఇంకో పదిసార్లకి దాన్ని చంపాను, చస్తూ చస్తూ అది పేలింది, ఆ పేలుడుకి నేనూ పోయాను. అది పేలుతుందని నాకు తెలీదు. రాత్రి పన్నెండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు, గట్టిగా తిట్టడానికి కూడా లేదు.

సిటాడెల్ అనే కోట దాకా వెళ్లాను. బైల్‌వాటర్ అనే చోట ఆగిపోయాను. ఆ మురికి నీళ్లలో దిగితే ఒంటికి పురుగులు పడతాయి, అవి ఉన్నంతసేపూ ప్రాణం నింపుకోలేం. చాలా గొప్ప గేమే, ఆ మాట ఎవరైనా కాదంటే వాళ్లతో వాదిస్తాను కూడా. కానీ నాకున్నది రాత్రికి గంటన్నర, అందులో ముప్పావు గంట వెళ్లిన దారినే వెళ్లడానికి నాకు మనసు రాలేదు. డిగ్రీ చదివే రోజుల్లో అయితే పూర్తి చేసేవాణ్ణి, చేసి కాలర్ ఎగరేసేవాణ్ణి కూడా.

బలాట్రోతో ఇంట్లో వేరే రకం గొడవ జరిగింది. ఇది 2024 ఫిబ్రవరిలో వచ్చిన పేకముక్కల గేమ్, నేను ఆలస్యంగా మొదలుపెట్టాను. టీవీ నిండా పేకముక్కలు పరుచుకున్న రాత్రి అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. "ఆన్‌లైన్ రమ్మీనా?" అంది. గొంతులో నిజమైన భయం. మా బంధువుల్లో ఒకబ్బాయి ఫోన్లో పేకాడి పొలం అమ్ముకునేదాకా వచ్చాడు, ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలంగాణలో డబ్బులు పెట్టి ఆన్‌లైన్లో రమ్మీ ఆడటం 2017లోనే ఆపేశారు, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటా డబ్బుల గేమ్‌లని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఇదంతా అమ్మకి చెప్పి, ఇందులో రూపాయి పెట్టేదీ లేదు, వచ్చేదీ లేదు, ఒకసారి కొన్నాక అంతే అని ఒట్టేస్తే గానీ వదల్లేదు. మా అమ్మనని ఏం లాభం, యూరప్‌లో గేమ్‌లకి వయసు రేటింగ్‌లిచ్చే పెగీ వాళ్లు కూడా జూదంలా ఉందని దీనికి 18 ప్లస్ ముద్ర వేశారు, 2025 ఫిబ్రవరిలో మళ్లీ 12కి దించారు.

నాన్నకి మాత్రం ముక్కలు కనబడగానే వెన్ను నిటారయింది. ఆయన పదమూడు ముక్కల మనిషి. పోకర్‌లో ఏ ముక్కలు కలిస్తే ఏమవుతుందో తెలీదు, అరగంటలో పట్టేశాడు, ఐదూ ఒకే రంగు అయితే ఇది, వరసగా వస్తే ఇది అని. అసలు గొడవ జోకర్ల దగ్గర వచ్చింది. రమ్మీలో జోకర్ అంటే లేని ముక్కకి బదులు. ఇక్కడ జోకర్లు పైన వరసగా ఐదు కూర్చుంటాయి, ఒక్కోటీ ఒక్కో రూల్ మార్చేస్తుంది, ఒకటి పక్కనున్న జోకర్‌ని చూసి కాపీ కొడుతుంది. మొత్తం 150 రకాలు. ఇవికాక బాస్ రౌండ్లో ఒకసారి రాజు, రాణి, జాకీ చెల్లవంటాడు, ఇంకోసారి ఆఠీన్ చెల్లదంటాడు. "ఇది ఆటనా, తొండినా?" అన్నాడు నాన్న. నిజానికి బలాట్రో అంటే అదే, తొండి చేయడమే ఆట. ఎదుటివాడు తొండి చేస్తాడు, నువ్వు అంతకంటే పెద్ద తొండి కట్టాలి. ఒకసారి ఆ కిటుకు తెలిశాక ఆయన సోఫాలోంచి లేవడం మానేశాడు. ఇస్పేట్లు దాచుకో, కళావర్లు పారెయ్, వద్దొద్దు ఆ ఆసు ఆపుకో. నాకు చేతిలో మౌస్ ఉందన్న మాటే గానీ ఆడింది ఆయనే. ఎనిమిదో ఆంటీ దాటి మొదటిసారి గెలిచిన రోజు ఇద్దరం టీ పెట్టుకుని తాగాం, రాత్రి ఒంటిగంటకి. (ఆంటీ అంటే ఇక్కడ రౌండ్ల మెట్టు, పక్కింటి ఆంటీ కాదు. ఈ జోకు మా పాపది.)

దీని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, ఆపడానికి చోటు లేదు. ఒక ఆట అవగానే ఇంకోటి అంటుంది చెయ్యి. ఫోన్లో కూడా వేసుకుని తప్పు చేశాను, మెట్రోలో ఉప్పల్‌లో ఎక్కి దిగాల్సిన స్టేషన్ దాటిపోయి ఒకసారి, కాదు రెండుసార్లు, వెనక్కి వచ్చాను.

ఎక్స్‌పెడిషన్ 33 గురించి ఇప్పటికే అందరూ రాసేశారు. 2025 డిసెంబర్లో గేమ్ అవార్డ్స్‌లో తొమ్మిది పట్టుకెళ్లింది, గేమ్ ఆఫ్ ది ఇయర్‌తో కలిపి. ఫ్రాన్స్‌లోని మోంపెలియే ఊళ్లో పుట్టిన ఒక చిన్న స్టూడియోకి అదే మొదటి గేమ్. నేను ఆ ఏడాది మే నెలలోనే మొదలుపెట్టాను. కథ ఇది. లూమియేర్ అనే ఊరు, సముద్రం అవతల పెద్ద రాతిస్తంభం, దాని మీద వెలిగే అంకె. ఏడాదికోసారి పెయింట్రెస్ అనే ఒకావిడ లేచి, ఆ అంకె చెరిపి ఒకటి తగ్గించి రాస్తుంది. ఆ వయసున్న వాళ్లంతా పూరేకుల్లా రాలి గాల్లో కలిసిపోతారు. గేమ్ మొదట్లోనే 34 పోయి 33 వస్తుంది.

నాన్నకి ఇంగ్లిష్ డైలాగులు సగమే అందుతాయి, నేను చెబుతూ పోయాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వేళ్ల మీద లెక్కేసుకుని, "నా అంకె ముప్పైమూడేండ్ల కిందనే అయిపోయె," అన్నాడు. ఆయనకి 66. "నువ్వూ లేవు, కోడలూ లేదు. మన ఇంట్ల పాప ఒక్కతే ఉంటదన్నట్టు." పాప అప్పటికి నిద్రపోతోంది. నేను ఆ గేమ్ గురించి చాలా చదివాను, కళ గురించి, దుఃఖం గురించి పెద్ద పెద్ద వ్యాసాలు. ఈ లెక్క మాత్రం ఎవరూ వేసి చూపించలేదు. ఆ రాత్రి ఇక ఆడలేదు.

పోరాటం వంతులవారీగా సాగుతుంది, కానీ శత్రువు కొట్టే క్షణంలో మనం సరిగ్గా మీట నొక్కితే దెబ్బ తప్పుతుంది, ఇంకా సరిగ్గా నొక్కితే తిప్పికొడతాం. ఇక్కడ నా పరువు పోయింది. ఎంత చూసి నొక్కినా ఆలస్యమే. మూడు వారాలు నా వయసు మీద అనుమానపడ్డాను, చేతులకి స్పీడ్ తగ్గిందేమో అని యూట్యూబ్‌లో వీడియోలు కూడా చూశాను. తీరా చూస్తే తప్పు టీవీది. సినిమాల కోసం బొమ్మని నునుపు చేసే సెట్టింగులన్నీ ఆన్‌లో ఉన్నాయి, వాటివల్ల నేను నొక్కడానికీ తెర మీద కనబడటానికీ మధ్య కాస్త సందు వస్తోంది. పిక్చర్ సెట్టింగులకి వెళ్లి గేమ్ మోడ్ పెట్టగానే పదికి ఏడు తిప్పికొట్టాను. పెద్ద టీవీ మీద ఆడేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ముందు ఆ పని చేయండి.

మొదటి అంకం చివర ఏం జరుగుతుందో చెప్పను. నాన్న రిమోట్ సోఫా మీదికి విసిరి "గట్ల చేస్తరా ఎవరన్న?" అని లేచి వెళ్లిపోయాడు. దీన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు, ఎందుకంటే మర్నాడు తొమ్మిదికే వచ్చి కూర్చుని అమ్మని సీరియల్ త్వరగా ముగించమన్నాడు, అదేదో ఆమె చేతిలో ఉన్నట్టు. లోపాలు లేవా అంటే ఉన్నాయి. గుహల్లో అడవుల్లో దారి చూపే చిన్న మ్యాప్ ఉండదు, తిరిగిన చోటే తిరుగుతాం. మూడో అంకంలో అటూ ఇటూ తిరిగి బలం పెంచుకుంటే చివరి యుద్ధాలు అసలు యుద్ధాల్లా ఉండవు, పెద్ద రాక్షసుడు వచ్చి సంగీతం మొదలయ్యేలోపే పోతాడు. ముగింపులో రెండు దార్లిచ్చాడు, రెండూ మనసుకి పట్టలేదు, అలా పట్టకూడదనే రాశాడనుకుంటా. మేం ఒక దారి ఎంచుకున్నాం, దాని మీద నాకూ నాన్నకీ ఇంకా పడలేదు.

మా ఆవిడతో స్ప్లిట్ ఫిక్షన్ ఆడాను, అది ఇద్దరుంటేనే ఆడగలిగే గేమ్. ఒక చోట మనం ఇద్దరం పందిపిల్లలమై హాయిగా పొలంలో గంతులేస్తుంటాం, చివరికి ఎక్కడికి చేరతామంటే సాసేజ్ మెషీన్లోకి. తను పది నిమిషాలు ఆగకుండా నవ్వింది, ఆ తర్వాత వారం నన్ను ఆ పంది పేరుతోనే పిలిచింది. ఆదివారాలు కుదరక సగంలో ఉంది. ఒక క్రికెట్ గేమ్ కూడా కొన్నాను, పేరెందుకులే, నాన్న దాన్ని కాసేపు నిజం మ్యాచ్ అనుకుని, ఫీల్డర్ బంతిని దాటుకుంటూ అవతలికి పరిగెత్తడం చూసి "వీన్ని ఎవడు తీసుకున్నడు టీంల?" అన్నాడు. తీసేశాను.

అమ్మ కోసం వెన్‌బా పెట్టాను. తమిళనాడు నుంచి కెనడా వెళ్లిన ఒక కుటుంబం, అమ్మమ్మ వంట పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, మనం ఊహించి వండాలి. ఇడ్లీ రేకులు ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చాలి అన్నది మొదటి చిక్కు. నేను రెండుసార్లు తప్పు పేర్చాను. అమ్మ కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా, "కంతల మీదికి ఇడ్లీ వస్తే ఆవిరెట్ల పోతది, తిప్పి పెట్టు," అంది. అంతే, అయిపోయింది. రెండు గంటల్లోపు మొత్తం గేమే అయిపోయింది. కొడుకు పెద్దయ్యాక తల్లితో తమిళంలో మాట్లాడటానికి తడబడే చోట అమ్మ ఏం అనలేదు, పాప గదివైపు ఒకసారి చూసింది. మా పాప ఇంగ్లిష్ మీడియం.

బ్లూ ప్రిన్స్ మా ఇంట్లో అనుకోని హిట్. 45 గదుల బంగళా, రోజూ పొద్దున్నే గదులన్నీ మాయమై మళ్లీ మొదటినుంచి కట్టుకుంటూ వెళ్లాలి, తలుపు తెరిచిన ప్రతిసారీ మూడు గదుల్లో ఒకటి ఎంచుకోవాలి, అసలు లేని 46వ గదికి చేరాలి. నేను దీన్ని పజిల్ అనుకుని నోట్‌బుక్ తెచ్చుకున్నాను. అమ్మానాన్న దీన్ని వాస్తు అనుకున్నారు. ఇంట్లోకి వచ్చే వాకిలి దక్షిణాన ఉంది, మొదటి రోజే అమ్మ పెదవి విరిచింది. ఈశాన్యంలో బాయిలర్ రూమ్ వచ్చినప్పుడు "అది తీసెయ్" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. నాకు ఆ గదే కావాలి, దాన్నుంచి ఆవిరి పంపితే కొన్ని మెషీన్లు నడుస్తాయి. చివరికి మాట వినలేదు, ఆ రోజు నడవడానికి అడుగులు అయిపోయి ఓడిపోయాను, ఎందుకు ఓడిపోయానో వాళ్లకి బాగా తెలుసు. నిజాయితీగా చెప్పాలంటే సోఫా దూరం నుంచి ఆడే గేమ్ కాదిది, ఉత్తరాల్లో, పుస్తకాల్లో సన్నటి రాత, ప్రతిదానికీ లేచి టీవీ దగ్గరికి వెళ్లి చదవాలి.

ఇక యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. ఇది యూరప్ రోడ్ల మీద లారీ తోలే 2012 నాటి గేమ్, ప్రాగ్‌లో ఉండే ఎస్‌సీఎస్ అనే కంపెనీ వాళ్లది, ఇప్పటికీ కొత్త దేశాలు కలుపుతూనే ఉన్నారు. సేల్‌లో చవగ్గా వస్తే కొన్నాను, నా కోసమే. అరగంట తోలాను. నాన్న మొదటిసారి నోరు మెదపకుండా చూశాడు. తర్వాత అడిగాడు, "క్లచ్ లేదా?" నేను ఆటోమేటిక్‌లో పెట్టాను. అప్పుడు ఆయన ముఖంలో కనబడిన జాలి నేను ఇంటర్ తప్పినప్పుడు కూడా చూడలేదు.

సెకండ్ హ్యాండ్‌లో స్టీరింగ్, పెడల్స్, గేరు రాడ్ దొరికాయి, తొమ్మిది వేలు. స్టీరింగ్ టీపాయ్‌కి బిగించాం. పెడల్స్ టైల్స్ మీద జారిపోతుంటే అమ్మ వాటి వెనక పీట అడ్డం పెట్టింది. మొదటి రోజు నాన్న డిపో గేటు దాటి అలవాటు ప్రకారం ఎడమ వైపుకి తిప్పి, ఎదురుగా వచ్చే కారుని నేరుగా గుద్దాడు. అక్కడ కుడి వైపు పోవాలి. "నలభై ఏండ్ల చెయ్యి, ఒక్కనాడు మారుతదా?" అన్నాడు, కానీ సిగ్గుపడ్డాడు, సర్వీసులో ఆయనకి ఒక్క యాక్సిడెంట్ లేదు. వారం రోజులకి మారింది. రెడ్ సిగ్నల్ దాటితే ఫైన్, స్పీడ్ కెమెరాకి దొరికితే ఫైన్, గంటలకొద్దీ తోలి నిద్రపోకపోతే ఫైన్. ఎక్కడో రోడ్డు పక్కన కెమెరా చూసి నిజంగా బ్రేక్ వేస్తాడు, పక్కన కూర్చున్న నేను ముందుకి ఊగుతాను.

గేమ్‌లు ఆడే వయసు వాళ్లు ట్రక్ సిమ్యులేటర్‌ని నిద్రపుచ్చే గేమ్ అంటారు, పాటలు పెట్టుకుని వెనక్కి జారి ఆడేది అని. నాన్న దీన్ని డ్యూటీలా ఆడతాడు. కొండ దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టడు, ఇంజన్ బ్రేక్ మీదే దింపుతాడు. "మన్ననూరు దాటినంక బ్రేకు తొక్కుకుంట పోయినోనికి డ్యామ్ కాడికి పోయేసరికి బ్రేకులుండయి," అని ఆల్ప్స్ కొండల్లో నాకు పాఠం. అన్నిటికంటే ఆయనకి పట్టింది డీజిల్ లెక్క. ఆర్టీసీలో డ్రైవర్ పనితనాన్ని కేఎంపీఎల్‌తో చూస్తారు, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయని. గేమ్‌లో మాత్రం వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని చూపిస్తుంది. నాన్న పాప రఫ్ బుక్ తీసుకుని తిరగేసి లెక్క కట్టాడు. ముప్పైమూడు లీటర్లు అంటే లీటరుకి మూడు. "మూడా! మాకు ఐదు తగ్గితే మొఖం దాచుకునేది." ఇరవై టన్నుల లోడు నాన్నా అది, బస్సు కాదు అన్నాను. వినలేదు. ఇప్పుడు ఆ రఫ్ బుక్‌లో తేదీ, బయల్దేరిన ఊరు, చేరిన ఊరు, లోడు, కేఎంపీఎల్ అని గడులు గీసి ఉన్నాయి. రొట్టర్‌డామ్‌ని తెలుగులో మూడు రకాలుగా రాశాడు. మొన్న నాలుగు దాటింది, కింద గీత గీశాడు.

ఈ పోస్టు ఫోన్లో టైప్ చేస్తున్నాను, టీవీ నాకు దొరకలేదు. సంక్రాంతి సేల్‌లో కొన్నవి రెండు గేమ్‌లు ఇంకా తెరవనే లేదు. నాన్న ఫ్రాన్స్‌లో చీజ్ ఎత్తుకుని కలైలో ఓడెక్కి, ఇప్పుడే డోవర్‌లో దిగాడు. ఇంగ్లండ్‌కి లోడు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. రేవు గేటు దాటి ఎడమ వైపు రోడ్డెక్కగానే స్టీరింగ్ మీద రెండు చేతులూ వదులయ్యాయి.

"ఇగ ఇది రోడ్డంటే," అన్నాడు. "నువ్వు పోయి పండుకో బిడ్డా, ఇంక నూటనలభై కిలోమీటర్లున్నది."